ఒచామి అంపొన్సా టీవీకెక్కిన వైనం

మా ఆయన పేరు యావ్ అంపొన్సా. మా అబెక్రోమ్‌లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేది నేనొక్కదాన్నే, అదీ ఒళ్ళు మండినప్పుడు. మిగతా ఊరందరికీ ఆయన ఒచామి. అంటే మా ఊరి రాజు నానాకి నోరు. నానాతో ఎవరూ నేరుగా మాట్లాడకూడదు, నానా కూడా మామూలు మనిషితో నేరుగా మాట్లాడడు. ఎదురెదురుగా రెండు బారల దూరంలో కూర్చుని ఒకరి మాట ఒకరికి చక్కగా వినపడుతున్నా సరే, నానా గొంతు తగ్గించి మా ఆయనకి చెప్పాలి. మా ఆయన బంగారు రేకు తొడిగిన కర్ర పట్టుకుని నిలబడి, ఆ మాటని అందుకుని, దుమ్ము దులిపి, నగలు పెట్టి అవతలివాళ్ళకి అప్పగించాలి. అప్పుడే అది చేరినట్టు. అంతకు ముందు విన్నదంతా విననట్టే లెక్క. పెద్ద ఊళ్ళలో రాజుకి ఇలాంటివాళ్ళు నలుగురైదుగురు ఉంటారు. మాది చిన్న ఊరు కాబట్టి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈయనొక్కడే.

"వీడు దొంగ, వీడి ముఖం నాకు చూపించకు" అని నానా విసుక్కుంటే, "నీ చేతులు చాలా చురుకైనవనీ, వాటికి తగ్గ పని దొరికేదాకా నువ్వు కొంచెం దూరంగా ఉంటే అందరికీ హాయనీ నానా అంటున్నారు" అని మా ఆయన చెప్పేవాడు. దొంగ కూడా దణ్ణం పెట్టి సంతోషంగా వెళ్ళేవాడు. ఊరికి ఇది బాగానే ఉండేది. ఆ నోటితో కాపురం చేసిన నాకే తెలుసు దాని సంగతి. మా అమ్మ పోయిన రోజున ఆ కబురు నాకు చెప్పడానికి పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా తెమల్చలేదు. ప్రయాణాల గురించి, అలసట గురించి, మనుషులకి విశ్రాంతి ఎంత అవసరమో దాని గురించి చెబుతూనే ఉన్నాడు. చివరికి పక్కింటావిడ చావుకి కట్టే ఎర్ర బట్ట కట్టుకుని ఏడుస్తూ గుమ్మంలోకి వచ్చాక నాకు అర్థమైంది. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

అలాంటి మనిషి పిల్లల టీవీ కార్యక్రమంలోకి ఎలా వెళ్ళాడో చెబుతాను.

ప్రతి ఆదివారం సాయంత్రం రాజధాని అక్రా నుంచి 'బుల్లి నక్షత్రాలు' వచ్చేది. పిల్లలు పాడతారు, ఆడతారు, ముగ్గురు న్యాయనిర్ణేతలు మంచీ చెడూ చెబుతారు, జనం ఫోన్ల నుంచి ఓట్లు వేస్తారు. ఆ గంటసేపు మా ఊళ్ళో రోకలి చప్పుడు కూడా ఉండేది కాదు. ఆ ఏడాది మా నానా చెల్లెలి మనవరాలు పోకువా అందులోకి ఎంపికైంది. పదేళ్ళ పిల్ల. పెద్దయ్యాక రాజమాత కావలసిన పిల్ల కూడా. ఊరంతా ఎగిరి గంతేసింది. పెద్దలు మాత్రం మూడు రోజులు సభ పెట్టారు.

"పాడటం సంగతి సరే," అన్నాడు ఒపాన్యిన్ బాడు. ఆ సభలో అందరికన్నా పెద్దవాడు, అందరికన్నా చాదస్తుడు. "ముక్కూ మొహం తెలీనోళ్ళు మన గద్దె బిడ్డని నిలబెట్టి, నీ గొంతు బాలేదు అని మొహమ్మీదే అంటే? ఆ మాట గద్దెకి తగిలినట్టు కాదా?"

"టీవీలో అందరితోనూ అట్టాగే అంటారు గదండీ" అని ఎవరో గొణిగారు.

"అందరూ అనిపించుకోనీ. వాళ్ళకి ఒచామి లేడు. మనకున్నాడు."

అలా తేలింది. పాప వెంట ఒచామి వెళ్ళాలి. న్యాయనిర్ణేతల మాట ఆయన అందుకుని పాపకి చేర్చాలి. పాపకి జడలు అల్లడానికీ, వేళకి తిండి పెట్టడానికీ నేను వెళ్ళాలి. బయలుదేరే ముందు నానా మా ఆయన్ని దగ్గరికి పిలిచి ఒక్కటే చెప్పాడు. "పాప చెవిలో పచ్చి మాట పడకూడదు. పడిందా, కర్ర తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టు." మా ఆయన కర్రని గుండెకి హత్తుకున్నాడు. ఆ కర్ర ఆయనకి వాళ్ళ మేనమామ నుంచి వచ్చింది. అది లేకపోతే తను ఎవరో ఆయనకే తెలియదు.

అక్రాలో చెవులకి ఏవో తగిలించుకున్న జెఫ్రీ అనే కుర్ర మేనేజరు మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు.

"పెద్దాయనా, ఇది పిల్లల ప్రోగ్రామ్. మీరు స్టేజీ మీదకి రాకూడదు."

మా ఆయన పోకువా వైపు తిరిగాడు. "పిల్లల మధ్య పెద్దదిక్కు లేక ఈ భవనం బెంగపెట్టుకుందని ఈ అబ్బాయి అంటున్నాడు."

"నేనట్టా అన్లేదు" అన్నాడు జెఫ్రీ.

"తన మంచితనం బయటపెట్టొద్దని కూడా అంటున్నాడు."

పోకువా చేతులు కట్టుకుని, ఒచామి లేకపోతే తాను కదలనంది. కార్యక్రమం మొదలవడానికి నాలుగు నిమిషాలు ఉంది. ఇద్దరినీ స్టేజీ మీదకి తోసేశారు.

పాప పాడింది. గట్టిగా పాడింది. ముగ్గురిలో మధ్యన కూర్చున్నావిడ ఎకువా బ్రూ. కేప్ కోస్ట్‌లో నలభై ఏళ్ళు చర్చి పిల్లలకి పాట నేర్పిన మనిషి. కళ్ళజోడు సర్దుకుని అంది, "పాపా, నీ గొంతు మంచిదేనమ్మా. రెండో లైను ముందు ఊపిరి తీసుకోవట్లేదు. అందుకే పైకెళ్ళేసరికి అరుస్తున్నావు."

పోకువా ఆవిడ వైపు చూడనే లేదు. మా ఆయన వైపు చూసి నిలబడింది. ఆయన కర్రని నేలకి ఒకసారి తాటించాడు.

"పోకువా, ఊపిరి లాంటి చిన్నా చితకా వాటి కోసం ఆగనంత పరుగు నీ పాటకి ఉందట. అది పైకి వెళ్ళినప్పుడు ఈ భవనం కప్పు మర్యాదగా లేచి నిలబడిందని మేడమ్ గారు అంటున్నారు."

"మేడమ్ గారికి థాంక్స్ చెప్పు తాతా" అంది పోకువా.

హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. ఎకువా మేడమ్ మాత్రం, "అయ్యా, నేను చెప్పింది అది కాదు" అంది. "తాను చెప్పాల్సింది ఇంకా చాలా ఉందని మేడమ్ గారు బాధపడుతున్నారు" అన్నాడు మా ఆయన. ఓట్లన్నీ పాపకి పడ్డాయి.

ఆ తర్వాత దేశానికి ఏం పట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాకు మా ఊరి బస్టాండు పక్కన, దుంపలు దంచి చేసే ఫుఫు ముద్దలూ సూపూ అమ్మే చిన్న హోటల్ ఉంది. వారం మధ్యలో వచ్చి దాన్ని చూసుకునేదాన్ని. ఒకరోజు ఒక లారీ డ్రైవరు నా ముందే కూర్చుని, నాతో కాకుండా పక్కవాడితో, "సూప్‌లో మాంసం లేదని ఆవిడకి చెప్పు" అన్నాడు. ఆ పక్కవాడు లేచి, నా గరిటె తీసుకుని నేలకి తాటించి, "అమ్మా, మీ సూప్‌లో మాంసం సిగ్గుపడి మొహం చాటేసిందని మా అన్న అంటున్నాడు" అన్నాడు.

"నిన్న మూడు ముక్కలు మింగిన నోటికి ఇవాళ ఒక్కటి కనబడదని మీ అన్నకి చెప్పు. గరిటె అక్కడ పెట్టు" అన్నాను.

పక్కవాడు డ్రైవరు వైపు తిరిగి, "నీ ఆకలంటే ఆవిడకి ఎంతో గౌరవమట" అన్నాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

బడిలో మార్కులు చెప్పే రోజున పిల్లలు తలా ఒక తాతని వెంటబెట్టుకుని వచ్చారు. హెడ్మాస్టరు "లెక్కల్లో పన్నెండు" అంటే, తాత లేచి "అంకెలు ఈ బిడ్డని ఇబ్బంది పెట్టడానికి మొహమాటపడుతున్నాయట" అనేవాడు. వడ్రంగి కోఫీ చెక్క పని మానేసి పసుపు రంగు పూసిన కర్రలు చెయ్యడంలో పడ్డాడు. పిల్లకాయలు కొట్టుకోవడం మానేశారు. కొడతానన్న మాట అవతలివాడికి చేరేసరికి ముద్దు చేస్తానన్నట్టు ఉండేది. కుమాసీలో ఒకడు తన ప్రేమ చాలించుకుంటున్నానని పిల్లకి మధ్యవర్తితో కబురు పెడితే, ఆ అమ్మాయి అది విని పెళ్ళి బట్టలకి కొలతలు ఇచ్చి వచ్చింది. ఆ పెళ్ళి జరిగింది కూడా.

కార్యక్రమంలో సంగతి ఇంకా ఘోరం. నాలుగో వారానికి మిగతా పిల్లలందరూ ఊళ్ళ నుంచి తమ తమ ఒచామిలని దింపారు. స్టేజీ మీద పిల్లల కంటే ముసలాళ్ళు ఎక్కువయ్యారు. ఎనిమిది కర్రలు, ఎనిమిది దగ్గులు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన తనకి కూడా ఒకరు కావాలని అడిగి పెట్టించుకున్నాడు. ఆయన ఒచామి మాటని పిల్లవాడి ఒచామి అందుకుని చెప్పేసరికి, ఏ పిల్లవాడు ఏం పాడాడో అందరూ మర్చిపోయేవాళ్ళు. ఎకువా మేడమ్ ఒక్కతే ప్రతి వారం అదే మాట, అదే ఓపికతో చెప్పేది. రెండో లైను ముందు ఊపిరి తీసుకో తల్లీ. మా ఆయన ప్రతి వారం దానికి కొత్త పట్టుబట్ట కట్టేవాడు. పాప ప్రతి వారం అదే చోట అరిచేది.

ఆఖరి పోటీకి రెండు రోజుల ముందు పోకువా అన్నం ముట్టలేదు. ఆ పొద్దున అక్రాలో మేం దిగిన హోటల్ దగ్గర పిల్లలు కాగితాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. తన సంతకం కోసమేనని పాప పెన్ను తీసింది. వాళ్ళు తనని దాటుకుని మా ఆయన దగ్గరికి వెళ్ళారు.

"తాతా," అంది నేల చూస్తూ, "నేను పాడేటప్పుడు ఎవరూ వినట్లేదు. నేనెప్పుడు ఆపుతానా, నువ్వెప్పుడు మొదలెడతావా అని చూస్తన్నారు."

మా ఆయన ఏదో అనబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆ మేడమ్ ప్రతి వారం ఒకటే చెప్తంది కదా" అంది పాప.

"నీకు వినపడుతూనే ఉంది కదే?" అన్నాను. "మరి ఆవిడ చెప్పినట్టు చెయ్యొచ్చుగా?"

"వినపడింది అమ్మమ్మా. చేరలేదు." నా ముఖంలోకి చూసింది. ఎగతాళి కాదు. నిజంగానే అంటోంది. "చేరని మాట పట్టుకుని చేస్తే నేను నానా ఇంటి పిల్లనెట్టా అవుతా?" తర్వాత మా ఆయన బట్ట కొంగు పట్టుకుంది. "ఈసారి ఆవిడ ఏమంటే అదే నాకు చెప్పు తాతా. నాకు గెలవకపోయినా ఏం కాదు. ఒక్కసారి బాగా పాడాలని ఉంది."

పాప వెళ్ళిపోయాక ఆయన కర్ర తల నిమిరాడు. తర్వాత నన్నడిగాడు, "సెర్వా, పచ్చి మాట ఎట్టా చెప్తారు?"

"నోరు తెరిచి చెప్తారు."

"అది కాదే."

"ఇదిగో ఈ చేప చూడు. ఎట్టా ఉందో చెప్పు."

ఆయన వేయించిన తిలాపియా వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "నీటిని విడిచి వచ్చిన దుఃఖంలో ఈ చేప..."

"ఆపు. మాడిందా లేదా?"

"నిప్పుతో దీనికి కుదిరిన స్నేహం..."

"మాడిందా లేదా అంపొన్సా?"

చేప చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చుని, చివరికి, "మాడింది" అని మెల్లగా అన్నాడు. అని, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. నాకు ఆయన మీద జాలేసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో అంత జాలి ఎప్పుడూ వెయ్యలేదు.

"చెప్తే కర్ర పోద్ది" అన్నాడు.

"పోద్ది" అన్నాను. నగలు పెట్టకుండానే చెప్పాను.

ఆఖరి పోటీకి ఐదుగురు పిల్లలు మిగిలారు. ఒక్కొక్కరికీ రెండేసి పాటలు. మా ఊళ్ళో నానా గుమ్మం ముందు షామియానా వేసి, జనరేటర్ పెట్టి, పెద్ద తెర కట్టారని తెలిసింది. పోకువా మొదటి పాట పాడింది. ఎప్పటిలాగే రెండో లైను ముందు ఆగలేదు, పైన అరిచింది. ఎకువా మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. అయినా చెప్తున్నా. రెండో లైను ముందు ఊపిరి తీసుకో. అరవకు. అంతే."

హాలంతా ఫోన్లు పైకెత్తి పట్టుకుంది. ఇంట్లో ఉన్న దేశమంతా నవ్వడానికి సిద్ధంగా ఉండి ఉంటుంది. మా ఆయన కర్ర తాటించాడు. నేను ముందు వరసలోనే ఉన్నాను. ఎంతసేపు నిలబడ్డాడంటే, జెఫ్రీ చేతులు ఊపుతూ తెర పక్కనుంచి సగం బయటికి వచ్చేశాడు.

"పోకువా," అన్నాడు మా ఆయన, "రెండో లైను ముందు ఊపిరి తీసుకో. అరవకు. అంతే."

ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఎవడో, "ఏంటిది, ముసలాయనకి ఒంట్లో బాలేదా?" అన్నాడు. ఇంకెవరో ఈల వేసి వెక్కిరించారు. ఎకువా మేడమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని మా ఆయన్ని తేరిపార చూసింది.

"చేరింది తాతా" అంది పోకువా.

రెండో పాటలో రెండో లైను ముందు ఆగింది. గుండెల నిండా ఊపిరి తీసుకుంది. ఆ చిన్న చప్పుడు కూడా మైకులో వినపడింది. తర్వాత గొంతు పైకి వెళ్ళింది, ఎక్కడా పగలకుండా వెళ్ళింది. పదేళ్ళ పిల్ల పదేళ్ళ పిల్లలా పాడింది. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి, తుడుచుకోలేదు.

ఓట్లలో ఐదో స్థానం వచ్చింది. ఉన్నది ఐదుగురే. గెలిచినవాడు పాడాడో ఆడాడో నాకు గుర్తు లేదు. వాడి తాత మాత్రం చాలా బాగా మాట్లాడాడు.

మేము ఊరు చేరినప్పుడు డప్పు మోగలేదు. నేరుగా నానా ముంగిట్లోకి వెళ్ళాం. పెద్దలందరూ కూర్చుని ఉన్నారు. పోకువా వెళ్ళి నానా పక్కన తన చోట కూర్చుంది. మా ఆయన కర్ర పట్టుకుని తన చోట నిలబడ్డాడు. నానా ఆయన వైపు ఒంగి, గొంతు తగ్గించి, "పాప చెవిలో పచ్చి మాట వేశాడు. కర్ర పెట్టి ఇంటికి వెళ్ళమను" అన్నాడు.

అప్పుడు వచ్చింది చిక్కు. గద్దె మీది తీర్పు ఒచామి నోట బయటికి వస్తేనే తీర్పు. ఒచామి మీద తీర్పు ఎవరు చెప్పాలి? పక్క ఊరి ఒచామిని పిలుద్దామంటే అతను అక్రాలో సబ్బు ప్రకటనలో ఉన్నాడు. ఆ పై ఊరివాడు ఇంకో టీవీలో ఉన్నాడు. చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో కర్ర పట్టుకున్నవాడు మా ఆయన తప్ప ఒక్కడూ మిగల్లేదు. గంటసేపు పెద్దలు తర్జనభర్జన పడ్డారు.

చివరికి ఒపాన్యిన్ బాడు గొంతు సవరించుకున్నాడు. "నువ్వే చెప్పు ఒచామీ. మేం ఏం విన్నా విననట్టే. నీ నోట ఏదొస్తే అదే తీర్పు." అని కన్ను గీటాడు. ఆ చాదస్తుడే, నా కళ్ళారా చూశాను. మిగతా పెద్దలు కూడా ముఖాలు అటు తిప్పుకున్నారు. నానా కూడా కాదనలేదు. కర్ర బరువుగా ఉంది, ఇంకో చేత్తో కూడా గట్టిగా పట్టుకో అంటున్నారని చెబితే చాలు. అదే చేరుతుంది, అదే నిలుస్తుంది. చెప్పు, చెప్పు అని నేను కళ్ళతో సైగ చేశాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ నగల మాటలని తిట్టుకున్నదాన్ని, ఆ క్షణంలో ఒక్కటి పడితే బాగుండునని కొట్టుకుపోయాను.

మా ఆయన కర్ర తాటించాడు. తప్పు చేసినవాళ్ళు నిలబడే ఖాళీ చోటు వైపు తిరిగి, గొంతెత్తాడు.

"అంపొన్సా, పాప చెవిలో పచ్చి మాట వేశావు. కర్ర ఇక్కడ పెట్టి ఇంటికి వెళ్ళు."

ఆ మాట అని, నడిచి వెళ్ళి ఆ ఖాళీ చోట నిలబడి, తల వంచి ఆ మాటని అందుకున్నాడు. మళ్ళీ ఇవతలికి వచ్చి కర్రని నానా చెప్పుల దగ్గర పడుకోబెట్టాడు. భుజం మీది బట్ట నడుముకి దించుకున్నాడు. ఊళ్ళో మామూలు మనిషి అయిపోయాడు.

గుమ్మం దాటబోతుంటే నానా కదిలాడు. ఏదో చెప్పాలని ఒంగి, అలవాటు చొప్పున పక్కకి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. అటు చూశాడు, ఇటు చూశాడు. పెద్దలు నేల చూపులు చూస్తున్నారు. పోకువా మాత్రం నానా ముఖంలోకే చూస్తోంది.

"అంపొన్సా" అన్నాడు నానా, నేరుగా. సగం ఊరు ఆ గొంతు పైకి వినడం అదే మొదలు. సన్నటి గొంతు, కొంచెం బొంగురు. "పాప బాగా పాడిందయ్యా."

మా ఆయన గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నానా నుంచి, పని చెప్పడానికో ఎవరికో చేర్చడానికో కాకుండా, ఆయన కోసమని వచ్చిన మొదటి మాట అది.